నోటికి ఏడు మార్కులు

గ్రౌండు, గ్లోవ్స్ ఆరేసే గది
సోమవారం

పిడుగుకి మావయ్య దీవెనలు.

దీవెనలు అలవాటుకొద్దీ రాశాను. ఈ రోజు నీకు దక్కాల్సినవి వేరే ఉన్నాయి. ఫోను చెయ్యొచ్చు కదా అంటావేమో. పోయినసారి ఫోనులో ఇద్దరం అరుచుకుంటుంటే మీ అత్తయ్య లాక్కుని పెట్టేసింది. ఉత్తరమైతే ఎవరూ లాక్కోలేరు, నేను అనాలనుకున్నదంతా అనేసి పోస్టు చేస్తాను.

పొద్దున మా ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త మేనేజరు కోచ్‌లందరినీ కూర్చోబెట్టాడు. ఈయన ఇదివరకు ఎక్కడో గోడౌన్లు చూసుకునేవాడు, క్లబ్బు కూడా సరుకు నింపిన గదే అనుకుంటాడు. లాప్‌టాప్ తెరిచి గోడ మీద ఒక ఆట వేశాడు. కాళ్ళతో ఆడేది కాదు, కంప్యూటర్లో కూర్చుని క్లబ్బు నడిపే ఆట. అందులో మా వాళ్ళందరూ ఉన్నారట. ఒక్కొక్కరికి చురుకు ఇంత, పట్టు ఇంత, తన్ను ఇంత అని ఇరవైకి మార్కులు వేసి ఉన్నాయట. పక్కన కూర్చున్న ఫిజియో నా చెవిలో ఒక్కొక్కటే చదివి పెట్టాడు. గొళ్ళేనికి నోరు ఏడు. ధ్యాస ఎనిమిది.

గొళ్ళెం అంటే మా మొదటి కీపరు. మీ కాగితాల్లో ఇంకేదో పేరుంటుంది కానీ ఇక్కడ ఆ పేరుతో పిలిస్తే వాడే పలకడు. గోల్లో నిలబడ్డాడంటే ఇక తలుపు తెరుచుకోదని ఆ పేరు పెట్టాం. ముప్పై నాలుగేళ్ళు, పదకొండు సీజన్లుగా ఇక్కడే ఉన్నాడు. నేను కీపర్ల కోచ్‌గా చేరిన ఏడాదే వాడూ చేరాడు. ఈ సీజన్లో మా డివిజన్ మొత్తంలో అందరికంటే తక్కువ గోల్స్ ఇచ్చింది వాడు. రెండో కీపరు ఒక పొడుగాయన ఉన్నాడు, మంచివాడే, నోట్లోంచి మాట రాదు. అతనికి మీ ఆటలో నోరు పన్నెండు, చురుకు పదిహేను. సీజన్ అయ్యాక ఇద్దరిలో ఒక్కరికే కాంట్రాక్టు ఇస్తానని, అంకెలు ఎటు చెబితే అటు వెళ్తానని మేనేజరు తేల్చేశాడు.

ఈ అంకెలు వేసిన మహానుభావులు ఎవరండీ అని అడిగాను. కంపెనీ పేరు చెప్పాడు. అది నీ కంపెనీ. రెండో డివిజన్ కీపర్లందరూ నా చేతిలో ఉన్నారని మీ అన్నయ్య పెళ్ళిలో గొప్పలు పోయింది ఎవరు? ఆ ఏడు వేసింది నువ్వేనా? గొళ్ళెం అరిస్తే గ్రౌండు బయట బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా ఒక అడుగు ఎడమకి జరుగుతారు. వాడి నోటికి ఏడు వెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయే?

అది మార్చు. మార్చి ఉత్తరం రాయి.

మావయ్య


ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
శుక్రవారం

మావయ్యకి,

ఏడు వేసింది నేనే. దాక్కోను. ధ్యాసకి ఎనిమిది కూడా నేనే, అదీ రెండుసార్లు ఆలోచించి వేశాను.

నువ్వు అనుకుంటున్నట్టు నేను కాళ్ళు చాపుకుని నోటికొచ్చిన అంకె వెయ్యను. నా వంతుకి అరవై నాలుగు మంది కీపర్లు. ఒక్కొక్కరికీ ఇరవై పైన గళ్ళు. బంతి చేతిలో నిలుస్తుందా, ఎగిరి అందుకోగలడా, ఒంటరిగా దూసుకొచ్చినవాడికి ఎదురెళ్తాడా, గుద్ది పంపుతాడా పట్టుకుంటాడా, అన్నీ చూడాలి. పెద్ద డివిజన్ వాళ్ళకి ఎనిమిది కెమెరాలు. మీ డివిజన్‌కి ఒక్కటే, అది స్టాండు కప్పు మీద ఉంటుంది. పైగా సౌండు ఉండదు. కెమెరా ఆయన మ్యాచ్ పొడుగునా తిట్టే బూతులు రికార్డవుతున్నాయని రెండేళ్ళ క్రితం సౌండు తీసేశారు.

మరి సౌండు లేకుండా నోటికి మార్కులెలా వేస్తావు అంటావు. చేతులు చూస్తాను. చెయ్యి చాపి చూపిస్తున్నాడా, డిఫెండర్లని పిలుస్తున్నాడా, గోలు పడ్డాక ఎవరిమీదైనా విరుచుకుపడుతున్నాడా, ఇలాంటివి. మీ పొడుగాయన చేతులు గాలిమరలా తిరుగుతూనే ఉంటాయి. మీ గొళ్ళెం తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడుసార్లు చెయ్యెత్తాడు. లెక్కపెట్టాను. దూకింది పదకొండుసార్లు. అరవై నాలుగు మందిలో అంత తక్కువ దూకినవాడు ఇంకొకడు లేడు. దూకనివాడికి చురుకు ఎక్కడినుంచి తెచ్చి వెయ్యను?

ఇక ధ్యాస. బంతి అవతలి సగంలో ఉందంటే చాలు, నీ గొళ్ళెం మెడ తిప్పి వెనక వల వైపు చూస్తాడు. ప్రతి మ్యాచ్‌లోనూ అంతే. అక్కడేం పెట్టుకున్నాడో తెలీదు. ఆట ముందు నడుస్తుంటే వెనక్కి తిరిగే కీపరుకి ఎనిమిది ఎక్కువే అన్నాడు మా హెడ్డు.

అంకె మార్చాలంటే నాకు ఆధారం కావాలి. పదిహేను దాటి ఏది వేసినా చూసినవాళ్ళ సాక్ష్యం ఉండాలని రూలు. నువ్వు పక్కనే ఉండి చూసేవాడివి. ఖాళీ ఫారం పంపుతున్నాను. ఇద్దరు కీపర్లకీ నువ్వే మార్కులు వెయ్యి. పక్కన కారణం రాయి. నీ పేరు కింద కోచ్ అని పెట్టి నేనే హెడ్డుకి ఇస్తాను. పది వారాల్లో కొత్త ఎడిషన్ మార్కులకి తాళం పడుతుంది, ఆలోగా ఇవ్వాలి.

ఇంకొక మాట. ఉత్తరం గోడ మీద ఎన్నికల రాతలా ఉందేంటి? పేజీకి ఆరు లైన్లు. నీ పెన్నుకి ఏమైంది?

పిడుగు


గ్రౌండు, అదే గది
బుధవారం

పిడుగూ,

పెన్నుకేమీ కాలేదు. సామాను పెట్టెల మీద పేర్లు రాసే పెన్ను చేతికి దొరికింది, దానితోనే రాస్తున్నాను. నీ అక్షరాలు చీమల్లా ఉంటే మీ అత్తయ్యే చదివి పెట్టింది. నా కళ్ళజోడు విరిగింది. నా పెన్ను సంగతి వదిలేసి నేను చెప్పేది విను.

దూకడం గురించి రాశావు చూడు, అక్కడ నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఎవడు దూకుతాడే? ఉండాల్సిన చోట లేనివాడు దూకుతాడు. బంతి ఎక్కడికొస్తుందో ముందే తెలిసినవాడు రెండడుగులు పక్కకేసి పొట్టకి హత్తుకుంటాడు. చూసేవాళ్ళకి అది బజారులో కొబ్బరికాయ అందుకున్నట్టుంటుంది, చప్పట్లు కొట్టరు. నేను కీపరుగా ఆడిన రోజుల్లో నాకూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నువ్వూ అలాగే మార్కులు వేస్తే ఇంక నీకూ ఆ గ్యాలరీలో ఈలలు వేసేవాళ్ళకీ తేడా ఏముంది?

పట్టు గురించి చెప్తాను, రాసుకో. గొళ్ళెం చేతిలో బంతి పడితే ఒకటే చప్పుడు. పొడుగాయన చేతిలో పడితే రెండు. ఒకటి తగిలినప్పుడు, ఇంకోటి పట్టుకున్నప్పుడు. ఆ రెండు చప్పుళ్ళ మధ్యలో ఎదుటివాడు కాలు పెడితే గోలు. ఇది మీ కెమెరాకి ఏం తెలుస్తుంది?

ఇక నోరు. వాడు ఆటంతా పైకి చెబుతూనే ఆడతాడు. బంతి ఎక్కడుంది, ఎవడి కాళ్ళలో ఉంది, ఎవడు ఖాళీగా ఉన్నాడు, ఏదీ వదలడు. నలభై ఏళ్ళుగా కీపర్లని చూస్తున్నాను, ఆటని అలా కళ్ళకు కట్టినట్టు చెప్పేవాణ్ణి ఇంకొకణ్ణి ఎరగను. మా డివిజన్లో కోచ్ బెంచీ మీదే కూర్చోవాలని ఎవరూ పట్టుబట్టరు కనుక నేను వల వెనకే నిలబడతాను, సగం ఆటయ్యాక అవతలి వల వెనక్కి నడుస్తాను. ప్రతి మాటా నా చెవిన పడుతుంది.

ఫారం నింపి పెట్టాను. గళ్ళు చిన్నవిగా చేశారు, కొంచెం అటూ ఇటూ అయితే సర్దుకో. గొళ్ళెం నోరు పద్దెనిమిది, పట్టు పదహారు, ధ్యాస పదిహేను. పొడుగాయన నోరు ఆరు, పట్టు పది, తన్ను పద్నాలుగు, కుడికాలు. ఎవరికీ ఎక్కువ వెయ్యలేదు, తక్కువా వెయ్యలేదు. నీ హెడ్డుకి నా తరఫున ఒక నమస్కారం కూడా పెట్టు.

మావయ్య


ఆఫీసు
గురువారం

మావయ్య గారికి నమస్కారం.

మీ ఫారం మొన్న సోమవారం అందింది, నిన్న హెడ్డు చేతికి ఇచ్చాను. ఆయన అందరి ముందూ పైకి చదివారు. మీ రెండో కీపరు ఎడమకాలివాడు. నూటికి నూరు ఎడమే. అతను ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్కసారి కూడా కుడికాలితో గోల్ కిక్ తన్నలేదు, అది మా ఆఫీసులో అందరికీ తెలుసు. మీరు కుడికాలు అని రాశారు. రోజూ మూడు గంటలు అతనికి ట్రైనింగ్ ఇచ్చే కోచ్ మీరు.

ఈయన అసలు మ్యాచ్ చూశాడా అని హెడ్డు అడిగారు. గదిలో పదిమంది ఉన్నారు. ఫారం మొత్తం చింపేశారు. కాలు కూడా చూడనివాడు చెప్పిన పట్టుని ఎవరు నమ్ముతారు? మా మావయ్య అని నేనే చెప్పుకుని తీసుకెళ్ళాను కనుక, ఇకమీద నేను తెచ్చిన సాక్ష్యాలన్నీ ఆయన రెండోసారి తిప్పి చూస్తారట.

మీకు ఇష్టమైనవాడికి పద్దెనిమిది వేశారు, ఇష్టం లేనివాడి కాళ్ళు కూడా చూడలేదు. అంతే కదా. చిన్నప్పుడు నేను గోల్లో నిలబడితే, బంతిని చూడు, తన్నేవాడి మొహం చూడకు అని చెప్పింది మీరే. మీరు మొహాలు చూసి మార్కులు వేశారు.

ఏడు ఏడుగానే ఉంటుంది. దీని గురించి నాకు ఇంక రాయకండి.

ఇట్లు,
మీ మేనకోడలు


ఇల్లు, వంటింటి బల్ల
రాస్తున్నది అత్తయ్య, చెబుతున్నది మావయ్య
ఆదివారం

పిడుగూ,

మీ అత్తయ్య చేత రాయిస్తున్నాను. నువ్వు గారు అని, మీరు అని రాసిన ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. మూడు వారాలు జవాబు రాయలేదు. రాయాలని లేక కాదు, ఎలా మొదలుపెట్టాలో తెలియక.

నా కళ్ళజోడు విరగలేదు. కళ్ళజోడు పెట్టుకున్నా ఉపయోగం లేదు. రెండేళ్ళయింది. చూపు మధ్యలో మచ్చ పడింది, రెండు కళ్ళకీ. పక్కల కనబడుతుంది. సూటిగా దేన్ని చూస్తే అది మాయమవుతుంది. గది కనబడుతుంది, గదిలో నాతో మాట్లాడేవాడి మొహం కనబడదు. గ్రౌండు పచ్చగా ఉందని తెలుస్తుంది, బంతి మాత్రం లేదు. ఇది తగ్గేది కాదని డాక్టరు చెప్పాడు, పెరగకుండా చూసుకుందామన్నాడు. పెరిగింది.

క్లబ్బులో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పూటే ఇంటికి పంపుతారు. కీపర్లకి కోచ్ అంటే బంతి కనబడాలి కదా. కాబట్టి చెవులతో నెట్టుకొస్తున్నాను. చప్పుడు బట్టి పట్టు చెబుతాను, అడుగుల చప్పుడు బట్టి ఎక్కడ నిలబడ్డాడో చెబుతాను. తప్పలేదు ఇంతవరకూ. పొడుగాయన కాలు మాత్రం చప్పుడులో తెలియదు. తన్ను గట్టిగా ఉంది, చాలామందిది కుడికాలే కదా అని రాసేశాను. ఎవరినైనా అడగొచ్చు. ఎవరిని అడిగినా, నీకు తెలియదా అంటారు.

నేను అత్తయ్యని. ఇది నా సొంత మాట. రెండేళ్ళుగా పోరుతున్నాను, ఎవరితోనూ చెప్పనివ్వడు. మొన్న పంచదారకి బదులు ఉప్పేసుకుని కాఫీ మొత్తం తాగి బాగుందన్నాడు. నీకూ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నీ ఉత్తరం చదివి పెట్టాక లేచి వెళ్ళి గ్లోవ్స్ కడుగుతూ కూర్చున్నాడు, కడిగినవే మళ్ళీ. ఆయన ఏం రాశావని అడుగుతున్నాడు. నీ గొప్పలే రాశానని చెప్పాను.

పిడుగూ, నేను మొహాలు చూసి మార్కులు వెయ్యలేదు. నాకు మొహాలు కనబడితే కదా. చెవికి తెలిసిందే రాశాను. నా అబద్ధం నాది, దానికి గొళ్ళేన్ని శిక్షించకు. మీకు సౌండు లేకపోవడమే కదా అడ్డం. మీ అత్తయ్య మొన్నటి మ్యాచ్‌కి వచ్చి తన ఫోను నా భుజాన ఉన్న గ్లోవ్స్ సంచిలో పెట్టి వల వెనక రికార్డు చేసింది. ఆ ఫోను మెమరీ కార్డు ఇందులో పెడుతున్నాం. నీ మూగ వీడియోకి తోడు ఈ గుడ్డి సౌండు పెట్టుకుని విను. విన్నాక ఏడే వేస్తే నేను నోరెత్తను.

మళ్ళీ అత్తయ్యని. పదిహేనేళ్ళ తర్వాత మ్యాచ్‌కి వెళ్ళాను. ఎక్కడో దూరంగా స్టాండులో నిలబడి నిలబడి కాళ్ళు లాగేశాయి. బంతి మా వైపు ఒక్కసారీ రాలేదు. దీనికోసమా ముప్పై ఏళ్ళు ఆదివారాలు పాడుచేసుకున్నాను అనిపించింది.

మావయ్య, అత్తయ్య


నా గది, కిటికీ దగ్గర
శనివారం

మావయ్యా,

అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. పెట్టెల మీద రాసే పెన్నే కొన్నాను. అయినా ఇది అత్తయ్యే చదవాలి. అత్తయ్యా, మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

ముందు క్షమించమని అడగాలి. ఎలా అడగాలో నాకూ తెలియలేదు, అందుకే పని చేశాను. అదే మ్యాచ్ వీడియో తెప్పించి, రెఫరీ చెయ్యి ఎత్తిన చోట దాన్ని ఆపి, విజిల్ వినిపించిన చోట సౌండు ఆపి, రెండూ కలిపి వదిలాను. తొమ్మిది మ్యాచ్‌లు మూగగా చూసిన మనిషికి నోరొచ్చింది.

గొళ్ళెం డిఫెండర్లకి వేసిన కేకలు తొంభై నాలుగు. అందులో డెబ్భై ఒకటి వాళ్ళు విన్నారు, విని కదిలారు. చెయ్యెత్తడు, ఎందుకంటే ఎత్తాల్సిన పని లేదు. ఎడమ అంటాడు, ఎడమకి వెళ్తారు. వాళ్ళు వెళ్ళారు కనుక షాటు వాడి పొట్ట మీదికే వస్తుంది. నువ్వు చెప్పిన చప్పుడు కూడా విన్నాను. ఒక్కటే.

ఇక్కడిదాకా బాగుంది. కానీ మావయ్యా, ఇంకో నూట ముప్పై మాటలు ఉన్నాయి. అవి ఏ డిఫెండరుకీ అక్కర్లేనివి. బంతి అవతలి చివర ఉన్నప్పుడు చెబుతాడు. మన తొమ్మిదో నంబరు తలతో కొట్టాడు, పైనుంచి పోయింది అంటాడు. వాళ్ళ పదో నంబరు కుంటుతున్నాడు అంటాడు. గోలే కానీ జెండా ఎత్తారు, ఇవ్వలేదు అంటాడు. మిగతావి అరిచి చెబితే ఇవి మాత్రం మామూలు గొంతుతో చెబుతాడు, నాలుగడుగుల్లో ఉన్న మనిషికి చెప్పినట్టు. అవి వినబడిన ప్రతిసారీ వీడియో చూశాను. ప్రతిసారీ మెడ వల వైపు తిరిగి ఉంది.

చాలాసేపు వాడికి తనలో తను మాట్లాడుకునే జబ్బు ఉందేమో అనుకున్నాను. రెండో సగం మొదట్లో ఇలా ఉంది: 'పక్కన నీళ్ళ సీసాలున్నాయి, కాలికి తగుల్తాయి, కొంచెం ఎడమకి జరగండి.' ఆ వెంటనే నీ గొంతు ఉంది. ఆఁ, చూశాన్లే అన్నావు.

వాడికి తెలుసు మావయ్యా. అందరి దగ్గరా దాచానని అనుకుంటున్నావు. వాడు నీకోసం మ్యాచ్ చెబుతున్నాడు. నువ్వు కళ్ళకు కట్టినట్టు అని రాశావే, అదే.

ఇది నీకు రాయాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. రాయకపోతే నీ పరువు నిలుస్తుంది. కానీ ధ్యాసకి నేను ఎనిమిది ఎందుకు వేశానో నీకు తెలుసు. వెనక్కి తిరుగుతాడని. వాడు వెనక్కి తిరిగింది నీకోసం. అందుకే వాడికి మార్కులు పోయాయి, ఆ మార్కులు చూసే మీ మేనేజరు వాణ్ణి పంపబోతున్నాడు.

నోటికి పద్నాలుగు వేశాను. పద్దెనిమిది కాదు. నీకు చెప్పిన నూట ముప్పైకి మా దగ్గర గడి లేదు, నేను ఎంత వెతికినా లేదు. ధ్యాస పదమూడు చేశాను. హెడ్డు కూడా విని ఒప్పుకున్నాడు. కానీ ఇదంతా కొత్త ఎడిషన్లో వస్తుంది, అది సీజన్ అయిపోయిన రెండు నెలలకి. మీ మేనేజరు గోడ మీద వేసేది ఇంకా పాత ఏడే. ఇది రాస్తుంటే నాకు తల గోడకేసి కొట్టుకోవాలని ఉంది. నా తప్పు నేను దిద్దుకున్నాను, అది ఎవరికీ పనికి రాలేదు.

నువ్వేం చెయ్యాలో నేను చెప్పను.

నీ పిడుగు


ఇల్లు, వీధి మెట్ల మీద
సోమవారం

పిడుగూ,

ఇది నా రాతే. లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే విడదీసి చదువుకో. అత్తయ్యకి చెప్పి రాయిస్తే తన మాటలే సగం రాస్తుంది.

నీ ఉత్తరం విన్నాక కోపం వచ్చింది. నీ మీద కాసేపు, వాడి మీద చాలాసేపు. నాకు తెలియకుండా రెండేళ్ళు నామీద జాలి పడ్డాడా వీడు అని అన్నం ముందు నుంచి లేచిపోయాను. సీసాల మాట నాకు గుర్తే. మర్యాద తెలిసినవాడు అనుకుని మురిసిపోయాను, అంతకంటే నా బుర్రకి తట్టలేదు.

మర్నాడు గ్రౌండుకి వెళ్ళి, నా సంగతి నీకు ఎప్పటినుంచి తెలుసురా అని గొళ్ళేన్ని అడిగాను. కాసేపు గ్లోవ్స్ పట్టీ ఊడదీసి పెట్టుకున్నాడు, ఆ చప్పుడు విన్నాను. మీరు గోల్ పోస్టుని నేననుకుని ముందుకి రా, ముందుకి రా అని తిట్టిన రోజు నుంచి సార్ అన్నాడు. ఆ రోజు వాడు పోస్టు పక్కన నిలబడి సరే సార్ అని జవాబు చెప్పాడట. వాడే అనుకుని ఇంకో రెండు తిట్టానట. జాలి పడ్డావా అని అడిగాను.

'జాలేంటి సార్. మీకు చెప్పడం మొదలుపెట్టాకే నాకు ఆట సరిగ్గా కనబడింది. పైకి చెప్పాలంటే ముందు నేను చూడాలి కదా.'

అది విన్నాక ఇంక నాకు దాచుకోవడానికి మొహం లేకపోయింది. తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాను. ఆ ఆట ఒకసారి గోడ మీద వెయ్యమన్నాను. వేశాడట. గొళ్ళెం పేరు పక్కన ధ్యాస ఎనిమిది ఉంది చూడండి, ఆ పోయిన మార్కులు వాడివి కావు, నావి అని చెప్పాను. కళ్ళ సంగతి మొత్తం చెప్పాను. మనిషి చెడ్డవాడు కాదు, గోడౌన్ బుద్ధి అంతే. మరి రెండేళ్ళుగా మా కీపర్లకి ట్రైనింగ్ ఇచ్చింది ఎవరు అని అడిగాడు. ఇద్దరం అన్నాను. చెవి నాది, కన్ను వాడిది.

నా విజిల్ ఆ రోజే తీసుకున్నారు. గొళ్ళెం ఒక ఏడాది ఆడుతూనే కీపర్లకి కోచ్‌గా కూడా ఉంటాడు. నా కుర్చీ ఖాళీ అయి జీతం మిగిలింది కనుక పొడుగాయనకి కూడా కాంట్రాక్టు దొరికింది. నాకు శాలువా కప్పి ఒక చెక్క పలక ఇచ్చారు. దానిమీద సన్న అక్షరాలతో ఏదో చెక్కారు. నా కళ్ళ గురించి విన్నాక కూడా సన్న అక్షరాలే. మీ అత్తయ్య దాన్ని పప్పు డబ్బా మీద మూతగా పెట్టింది. సంతోషంగా ఉన్నానని రాయను. పొద్దున లేచి వెళ్ళడానికి చోటు లేని మనిషికి సంతోషం ఎక్కడిది? ఇంట్లో ప్రతిదానికీ విసుక్కుంటున్నాను, అత్తయ్య నా మీద విసుక్కుంటోంది.

నిన్న చివరి మ్యాచ్‌కి వెళ్ళాను, టికెట్ కొనుక్కుని. గేటు దగ్గర ఆయన డబ్బులు వద్దన్నాడు, బలవంతంగా ఇచ్చాను. వల వెనకే నిలబడ్డాను, అదొక్కటీ ఎవరూ కాదనలేదు. మ్యాచ్‌కి ముందే గొళ్ళేనికి గట్టిగా చెప్పాను, నాకేం చెప్పొద్దు, మెడ తిప్పావంటే ఊరుకోను, మా పిడుగు మార్కులు కోస్తుంది అని. వాడు మాట విన్నాడు. డిఫెండర్లకి అరిచాడు, నావైపు తిరగలేదు.

నాకేమీ తెలియలేదు పిడుగూ. జనం అరిస్తే ఎందుకు అరిచారో తెలియదు. విజిల్ వేస్తే ఎవరికి వేశారో తెలియదు. రెండేళ్ళలో ఆట నాకు ఎంత కనబడిందో, అదంతా ఎవడిదో నిన్న తెలిసింది. ఇరవై నిమిషాలు నిలబడి, ఇంక ఇంటికి పోదామనుకుని కొత్తగా కొన్న చేతికర్ర కోసం తడుముకుంటున్నాను.

ఎవరో వచ్చి పక్కన నిలబడ్డారు. బూట్ల అడుగులు బరువుగా ఉన్నాయి. గొంతు సవరించుకుని, కుడి నుంచి వస్తున్నారు అన్నాడు. పొడుగాయన. ఆ రోజు ఆడట్లేదు, బెంచీ మీంచి లేచి వచ్చాడు. ఎవరు పంపారని అడగలేదు. నేను ఆరు వేసిన నోరు అది. ఒక్కో మాటా లాగి లాగి చెప్పాడు, కొన్ని బంతి దాటిపోయాక చెప్పాడు, అయినా చివరి విజిల్ దాకా ఆపలేదు. ఆ ఆరు నేను వాపసు తీసుకుంటున్నాను. ఎంత వెయ్యాలో నువ్వు వెయ్యి, నన్ను అడగకు.

ఆఖర్లో మా వాళ్ళు ఒక గోలు కొట్టారు. స్టాండంతా లేచింది. ఏ కాలితో కొట్టాడయ్యా అని అడిగాను.

'ఎడమకాలు సార్' అన్నాడు. కొంచెం ఆగి, 'నాలాగే' అన్నాడు.

మావయ్య